చేతిలో పైసలు ఆడని ఇంట్లో పెరిగినవాళ్లు ఇప్పటికీ ఇష్టంగా తలుచుకునేవి ఏంటి?

నాకైతే మా నాయిన జడలు వేయడం. అది అర్థం కావాలంటే ముందు మా ఇల్లు చెప్పాలి.

మాది పోచంపల్లి పక్కన ఊరు. నా చిన్నప్పుడు నల్లగొండ జిల్లా, 2016 నుంచి యాదాద్రి భువనగిరి. పోచంపల్లి అనగానే చదువుకున్నవాళ్లకు 1951, వినోబా భావే, భూదానం గుర్తొస్తాయి. ఆ మాట ఎవరెత్తినా మా నానమ్మ ఒకటే అనేది: "మనకు గుంటెడు భూమి లేకపాయె. ఉన్న గుంటల్లా మగ్గం కింది గుంటనే." నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం మాది. ఇల్లు రెండర్రలు. ఒకటి మగ్గానిది, రెండోది మా ఆరుగురిది.

నేసేది చిటికి చీరలు. బయట ఇక్కత్ అంటారు. బట్ట మీద వేసే రంగు కాదది, నేయకముందే పోగుకు వేసేది. అందుకే ఒక్క చీర మీద ఇంటిల్లిపాది చెయ్యి పడేది. అమ్మ ఆసు పోసేది, అంటే మేకుల చుట్టూ చేత్తో పోగు తిప్పి వరుసగా పేర్చేది. ఆ పోగుల మీద నాయిన బొగ్గుతో గుర్తులు పెట్టేవాడు. రంగు అంటకూడని చోట మేం రబ్బరు పట్టీలు బిగించి కట్టేవాళ్లం. పాత సైకిల్ ట్యూబును సన్నగా కోస్తే అవే పట్టీలు. ఊళ్లో ఎవరి సైకిల్ ట్యూబు పాడైనా మా తమ్ముడికి ముందు తెలిసేది, వెళ్లి అడుక్కొచ్చేవాడు. రంగు ఆరాక నానమ్మ రాట్నం మీద ఆ పోగును కండెలకు, అంటే చిన్న గొట్టాలకు, చుట్టేది. చెల్లి వాటిని వరుస తప్పకుండా దారానికి గుచ్చేది. ఆ వరుసలోనే ఉంటుంది అంతా. ఒక కండె ముందూ వెనకా అయితే పువ్వు విరిగిపోతుంది.

ఒకసారి ఆ దండ నా చేతిలో తెగింది. కండెలన్నీ నేల మీద దొర్లాయి. భయంతో తోచిన వరుసలో గుచ్చి పెట్టేశాను. నాయిన జానెడు నేసేదాకా చూసుకోలేదు. చూసేసరికి చిలుక తోక పోయి తల దగ్గర మొలిచింది. ఎవరు చేశారని అడిగితే అందరం గోడలు చూశాం. నానమ్మ వంగి చీర వంక చూసి, "మంచిగనే ఉంది కదరా, చిలుక ఎనకకు మర్రి చూస్తుంది" అంది. నాయినకు కోపంలోనే నవ్వొచ్చింది. కానీ ఆ జానెడూ పోగు పోగు విప్పేసరికి రాత్రయింది. పక్కన లాంతరు పట్టుకుని కూర్చున్నది నేనే. తప్పు నాదని ఈ రోజుకీ చెప్పలేదు. ఇది నాయిన చదవడులెండి.

వానాకాలం మాకు పండగ, పెద్దవాళ్లకు టెన్షన్. మగ్గం గుంటలోకి నీళ్లు ఊరేవి, రంగు ఆరేది కాదు, పని ఆగేది. వార్పు, అంటే మగ్గానికి ఎక్కించిన పడుగు (నిలువు పోగులు), నేసి దించితేనే కూలి. ఒక వార్పుకు ఏడెనిమిది చీరలు, అవన్నీ అయ్యేదాకా కిరాణా దుకాణంలో ఖాతానే. మాకవేం తెలుసు? నాయిన చెంబుతో గుంటలో నీళ్లు తోడి పోస్తుంటే, "మనింట్ల బాయి పడ్డది" అని గంతులు వేసేవాళ్లం. పని లేదు కాబట్టి అందరం ఒకే అర్రలో. నానమ్మ గుడాలు ఉడకబెట్టేది. రెండు రూపాయల కిలో బియ్యం 1983లో వచ్చింది, అంతకుముందు రెండు పూటలా జొన్న గటకేనని ఆమె ప్రతి వానకూ చెప్పేది. ఆ రాత్రుళ్లు నాయిన ఎందుకు నిద్రపోయేవాడు కాదో నాకు సంసారం మీద పడ్డాక గానీ తెలియలేదు.

ఇక అమ్మ ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. పొద్దున నిద్ర లేచేసరికి ఆ చప్పుడు వినిపిస్తే నాకు హాయిగా ఉండేది. ఆ చప్పుడు అమ్మ భుజంలోంచి వస్తోందని ఎవరు చెప్పాలి! కుడి చెయ్యి తల దాకా లేచేది కాదు. నాకు, చెల్లికి దువ్వడం ఆమె వల్ల అయ్యేది కాదు.

అందుకని మగ్గంలోకి దిగేముందు నాయినే మా ఇద్దరికీ జడలు వేసేవాడు. తెగిన పోగును కంటికి కనబడకుండా అతికే వేళ్లు కదా, పాపిడి పడుగు విడదీసినట్టు తిన్నగా వచ్చేది. బిగువు ఎంతంటే కనుబొమ్మలు పైకి లేచేవి. రిబ్బన్లు కొనే పని లేదు. వార్పులో మిగిలిన పట్టు పోగులు నాలుగు పేని కట్టేవాడు. ఆ వారం ఏ రంగు చీర నడుస్తుంటే మా జడలకూ అదే రంగు. బడిలో ఆడపిల్లలు ఎక్కడ కొన్నావని అడిగితే హైదరాబాద్ అని చెప్పేదాన్ని. బతుకమ్మకు గునుగు పూలు కూడా ఆ మిగిలిన రంగులోనే ముంచేవాళ్లం, మా వాడలో మా బతుకమ్మ రంగు వేరే ఎవరికీ వచ్చేది కాదు.

ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు, వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం చేశారు. 1999లో అది పూర్తయింది, 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మా ఇంటికి ఆ యంత్రం వచ్చేసరికి నాకు పెళ్లయిపోయింది. అమ్మ భుజం ఇప్పుడు కాస్త నయం, చెయ్యి లేస్తుంది. పోయిన బతుకమ్మకు మా పాపను కూర్చోబెట్టుకుని దువ్వెన అందుకుంది. అది లేచి మగ్గం అర్రలోకి పరుగు. "అమ్మమ్మ జడ బతుకమ్మ ఆడంగనే ఊడిపోతది. తాతనే వెయ్యాలె."