కార్గో డ్యూటీలో చేరబోయే అల్లుడికి

అల్లుడూ,

ఎయిర్‌పోర్టు కార్గో కౌంటర్లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ పనే చేసి రిటైరై, ఇప్పుడు అంబాజీపేటలో కొబ్బరికాయలు లెక్కపెట్టుకుంటున్నాను కదా, నాలుగు ముక్కలు రాస్తున్నా.

ముందు మన సరుకు సంగతే. సరిగ్గా ఆరని కొబ్బరి చిప్పలు గోనెసంచిలో కుక్కితే లోపల వేడెక్కుతాయి, నీకు తెలిసిందే. విమానాల లెక్కలో ఎండుకొబ్బరి ప్రమాదకర సరుకు, దాని నంబరు యూఎన్ 1363, అంటే తనంతట తాను అంటుకునే సరుకు. "మన ఊరివాళ్ళమే కదండీ" అన్నా సరే, లోపలేముందో రాసిచ్చే డిక్లరేషన్ కాగితం లేనిదే తీసుకోకు.

"ఇందులో ఏముందండీ?" అని ఊరుకుంటే "స్వీట్లు" అంటారు. పవర్ బ్యాంక్ ఉందా, పాత ఫోనుందా, చార్జింగ్ టార్చి ఉందా అని ఒక్కొక్కటే అడుగు. ఓసారి పూతరేకులని రాసిన పెట్టె ఎత్తితే చెయ్యి లాగేసింది. పూతరేకులు అంత బరువుంటాయా? విప్పిస్తే పైన రెండు వరసలే పూతరేకులు, కింద అన్నీ పవర్ బ్యాంకులు. పంపినాయన నామీదే కేకలేశాడు.

కాగితాన్ని నమ్మకు. 1996 మే 11న ఫ్లోరిడాలో కూలిన వాల్యూజెట్ విమానంలో ఆక్సిజన్ జనరేటర్లకి, అంటే ఆక్సిజన్ పుట్టించే డబ్బాలకి, "ఖాళీ" అని రాసిచ్చారు. అవి ఖాళీవి కావు, సేఫ్టీ క్యాపులూ లేవు. వాటిని పెట్టిన కార్గో అరేమో, గాలాడక మంట దానంతటదే చస్తుందన్న ధీమాతో కట్టింది. ఆ డబ్బాలేమో తమ ఆక్సిజన్ తామే తయారుచేసుకున్నాయి. 110 మంది పోయారు. ఆ తర్వాతే అమెరికాలో అలాంటి అరలకి పొగ కనిపెట్టే ఏర్పాటు, మంటలార్పే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

ఇప్పుడు ఆ అరల్లో మంటలార్పే హాలాన్ గ్యాస్ ఉంది కదా అంటావేమో. మంటని అణుస్తుంది గానీ, పవర్ బ్యాంకుల్లాంటి వాటిలో ఉండే లిథియం సెల్లు లోపల పుట్టే వేడిని ఆపలేదు. ఒకటి కాగితే పక్కది అంటుకుంటుంది. 2010లో దుబాయ్‌లో కూలిన కార్గో విమానంలో లిథియం బ్యాటరీలున్నాయి, ఇద్దరు పైలట్లూ దక్కలేదు. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలని 2016 నుంచి ప్యాసింజర్ విమానాల కార్గోలో ఎక్కించనివ్వట్లేదు.

లోడింగ్ చూడ్డానికి వెళ్తే కార్గో అర గోడలకి లోపలివైపు తొడిగిన లైనర్ మీద కన్నేసి ఉంచు. పెట్టె మూల తగిలి చిరిగితే కుర్రాళ్ళు భయపడి చెప్పరు. చిరుగులోంచి హాలాన్ జారిపోతుంది, మంట వెనక వైర్లదాకా పాకుతుంది. వాళ్ళని తిట్టకు, తిడితే ఇంకోసారి అసలే చెప్పరు. విమానం లేటైనా ఇంజినీర్ని పిలిపించు.

మీ అత్తయ్య నీకు కురిడీలు, అదే ఎండు కొబ్బరికాయలు, పంపుతానంటోంది. బస్సులో వేస్తాం, దింపుకో.

మావయ్య