చీమకుర్తి కాటాకు డీఎల్ఎల్ రాయబోతున్న అల్లుడికి

ఒంగోలు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చీమకుర్తి క్వారీ దగ్గరి లారీ కాటా నుంచి బరువు చదివి, అక్కడి పాత బిల్లింగు ప్రోగ్రాముకు అందించే డీఎల్ఎల్‌ను, అంటే వేరే ప్రోగ్రాము పిలిచి వాడుకునే ఫంక్షన్ల ఫైలును, ఉచిత కంపైలరుతోనే (రాసిన కోడును యంత్రభాషలోకి మార్చేదానితోనే) తయారు చేస్తానని రాశావు. జీసీసీ అనే ఉచిత కంపైలరును విండోస్‌కు అనువుగా మలిచిన మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 అందుకు ధారాళంగా సరిపోతుంది. షేర్డ్ అనే ఆప్షన్ ఇస్తే డీఎల్ఎల్ ఫైలు వచ్చేస్తుంది. అయితే దాన్ని పిలిచేది విజువల్ బేసిక్ 6లో ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన ప్రోగ్రాము కనుక, అది ఏమి కోరుతున్నదో ముందు తెలుసుకో.

వీబీ6 ప్రోగ్రాము 32 బిట్లది. విండోస్ 64 బిట్లదైనా సరే, ఆ ప్రోగ్రాములోకి 64 బిట్ల డీఎల్ఎల్ లోడు కాదు కాబట్టి 32 బిట్ల ఫైలు ఇచ్చే ఐ686 కంపైలరునే వాడు. ఇక ఫంక్షనును పిలిచే పద్ధతి, అంటే దానికి విలువలు (ఆర్గ్యుమెంట్లు) అందించడంలో ఇరువైపులా పాటించాల్సిన ఒప్పందం. వీబీ ఎస్‌టీడీకాల్ పద్ధతిలో పిలుస్తుంది. నీవు ఏమీ చెప్పకపోతే జీసీసీ సీడెకల్ పద్ధతి పాటిస్తుంది. ఆ విలువలు ఉంచే స్టాకును (మెమరీలోని చోటును) శుభ్రం చేసేది ఎవరన్న దగ్గర రెండింటికీ పొత్తు కుదరక 49వ నంబరు ఎర్రరు వస్తుంది. సరే, ఎస్‌టీడీకాల్ అని రాశావనుకో, అప్పుడు మరో తిరకాసు: పోర్టు నంబరు, బరువు పెట్టే చోటు అని రెండు ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫంక్షను పేరు చివర ఎట్ గుర్తూ, అవి ఆక్రమించే బైట్ల లెక్క 8 అంకే తోకలా అతుక్కుంటాయి. డీఎల్ఎల్ ఫంక్షనును వీబీకి పరిచయం చేసే డిక్లేర్ వాక్యంలోని తోక లేని పేరు కోసం వెతికే వీబీ 453వ ఎర్రరు చూపుతుంది. కంపైలైన ముక్కలను ఒక్క ఫైలుగా కలిపే లింకరుకు కిల్-ఎట్ ఆప్షన్ ఇస్తే ఆ తోక తెగుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో రాస్తే, ఫంక్షను పేరును ఆ భాష మార్చేయకుండా ఆపే ఎక్స్‌టర్న్ సీ తప్పనిసరి.

వీబీ ఇంటిజరు 16 బిట్లే. సీలోని 32 బిట్ల ఇంట్‌కు వీబీలో జోడీ లాంగ్. బయటి ప్రోగ్రాములు పిలవడానికి ఎక్స్‌పోర్టు చేసే ఫంక్షనుకు డీఎల్ఎల్ఎక్స్‌పోర్ట్ గుర్తు పెట్టు. ఒక్కదానికీ పెట్టకపోతే లింకరు గ్లోబల్ ఫంక్షన్లన్నిటినీ బయటపెట్టేస్తుంది, అది నాకు నచ్చదు. డీఎల్ఎల్ లోడయ్యేటప్పుడు విండోస్ పిలిచే డీఎల్ఎల్‌మెయిన్‌లో థ్రెడ్డు (పక్కనే నడిచే మరో పని) మొదలుపెట్టి దానికోసం వేచి ఉండకు. డీఎల్ఎల్‌లు లోడయ్యేటప్పుడు విండోస్ వేసే లోడరు తాళం దగ్గర రెండూ ఇరుక్కుపోతాయి.

అందరినీ ఏడిపించేది చివరి సంగతి. నీ డీఎల్ఎల్ జీసీసీ వారి రన్‌టైము డీఎల్ఎల్ (కంపైలరు వాడే సహాయక ఫైలు) మీద ఆధారపడి ఉంటే, నీ కంప్యూటరులో చక్కగా నడిచి, కాటా గదిలో మాత్రం 53వ ఎర్రరుతో ‘ఫైలు దొరకలేదు’ అంటుంది, నీ ఫైలు కళ్లెదుటే ఉన్నా సరే! దొరకనిది దాని వెనకాల ఉన్నది. లింకు చేసేటప్పుడు ఆ సహాయక కోడును నీ ఫైలులోనే కలిపేసే స్టాటిక్-లిబ్‌జీసీసీ ఆప్షన్ ఇచ్చి, ఫైలు లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్‌తో దిగుమతుల జాబితా, అంటే నీ ఫైలు ఆధారపడే డీఎల్ఎల్‌ల పేర్లు, చూడు. అందులో కెర్నల్32 వంటి విండోస్ సొంత ఫైళ్లు తప్ప మరేమీ కనబడకపోతేనే, బిల్లింగు ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులో దాన్ని పెట్టు.

మామయ్య