ఓటుకు కూడా వేలిముద్ర పెట్టొచ్చు కదా?

ప్రశ్న: రేషన్ బియ్యానికి వేలిముద్ర అడుగుతారు, తిరుమల కొండకు పోవాలంటే దర్శనం టోకెన్‌కి ఆధార్ చూపించాలి. ఓటుకు మాత్రం కార్డు చూపిస్తే చాలు. 2021 తిరుపతి ఉప ఎన్నికలో దొంగ ఓట్ల గొడవ చూశాం. దేశమంతా బూత్‌లో వేలిముద్ర మిషన్ పెడితే పీడ విరగడవుతుంది కదా సార్? - ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ కోపం న్యాయమైనదే. ఆ ఏప్రిల్ 17న బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో జనాన్ని దించారని ఎంత గొడవ జరిగిందో తిరుపతిలో ఉన్న నాకు బాగా గుర్తుంది. అయినా మిషన్ అనగానే నాకు మా పెద్దమ్మే కళ్లముందు మెదులుతుంది. చెనక్కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో బొటనవేలు పెడుతుంది, పడదు. కొంగుతో తుడుచుకుని చూపుడువేలు పెడుతుంది, అదీ పడదు, వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటుంటే ఆమెకు టెన్షన్‌తో చెయ్యి ఇంకా వణుకుతుంది, చివరికి డీలర్ "రేపు రామ్మా" అని పంపించేస్తాడు. బియ్యం రేపైనా తెచ్చుకోవచ్చు, పోలింగ్ మాత్రం ఆ సాయంత్రానికే అయిపోతుంది.

ఆఫ్రికా దేశాల్లో ఈ కష్టం ఇప్పటికే పడ్డారు. 2012లో ఘనాలో వేలిముద్ర మిషన్లు మొరాయిస్తే కొన్నిచోట్ల పోలింగ్ రెండో రోజుకు పోయింది. 2013లో కెన్యాలో బ్యాటరీలు అయిపోయి చాలా బూత్‌లలో మళ్లీ కాగితం జాబితానే తీశారు. 2015లో నైజీరియాలో అయితే సాక్షాత్తూ అధ్యక్షుడు గుడ్‌లక్ జొనాథన్ వేలిముద్రే మిషన్‌కి అందలేదు! ఆయన కోసం అధికారులు నిలబడతారు, మా పెద్దమ్మ కోసం ఎవరు నిలబడతారు?

అందుకని మిషనే వద్దని నేను అనను. 2020 జనవరిలో తెలంగాణలోని కొంపల్లి మున్సిపల్ ఎన్నికల్లో పది బూత్‌లలో ఫోన్‌తో ముఖం గుర్తుపట్టే పద్ధతి పరీక్షించారు, అలాంటివి జరగాల్సిందే. కానీ మిషన్ గుర్తుపట్టనంత మాత్రాన ఓటరును వెనక్కి పంపకూడదు, కార్డు చూసి ఓటు వేయనివ్వాలి, ఆ మాట రూల్‌లోనే రాసి ఉండాలి. ఇంకోటి, జాబితాలో పేరే లేకపోతే ఏ మిషనూ ఏమీ చేయలేదు. చనిపోయినవాళ్ల పేర్లు తీయించడానికి ఫారం 7, ఇల్లు మారితే ఫారం 8 ఉన్నాయి, ముందు మీ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారిని, అదే బీఎల్ఓని పట్టుకుని మీ వీధి జాబితా సరిచేయించండి.

ప్రశ్న: నేను పోయేసరికి నా ఓటు ఎవరో వేసేసి ఉంటే? - ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: ఏడ్చుకుంటూ ఇంటికి రావద్దమ్మా. బూత్‌కి పెద్ద అయిన ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని టెండర్ ఓటు అడగండి. మీరే అసలు ఓటరని ఆయనకు నమ్మకం కుదిరితే కాగితం బ్యాలెట్ ఇస్తారు, సంతకం చేసి దాని మీదే ఓటు వేయాలి, ఈవీఎం మీద కాదు. దాన్ని విడిగా కవర్లో పెడతారు, మామూలు లెక్కింపులో కలపరు. రేపు ఆ ఎన్నిక మీద కోర్టులో కేసు పడితే మాత్రం ఆ కాగితమే మీ తరఫున సాక్ష్యం.