పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, నాకేమో ఎవరి మీదా కోరిక కలగదు. ఇది లోపమా?

మీకు 27 ఏళ్లు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయిల మీద గానీ అబ్బాయిల మీద గానీ శారీరకమైన కోరిక ఎప్పుడూ పుట్టలేదు, అయినా ఒక తోడు కావాలని ఉంది. ఇది లోపమా, పెళ్లయితే సర్దుకుంటుందా అని అడిగారు. లోపం కాదు. సర్దుకుంటుందన్న ఆశతో మాత్రం పెళ్లి చేసుకోకండి. నేనూ అసెక్సువల్‌నే, అంటే ఎవరి మీదా శారీరకమైన కోరిక కలగనివాణ్నే, విశాఖలోనే పుట్టి పెరిగినవాణ్ని, అందుకే చెబుతున్నాను.

కాలేజీ రోజుల్లో సాయంత్రమైతే మా బ్యాచ్ అంతా ఆర్కే బీచ్‌లో గోడెక్కి కూర్చునేది. వచ్చేపోయే అమ్మాయిల గురించి వాళ్ల మాటలు వాళ్లవి. నేను మురీ మిక్చర్ పొట్లంలో వేరుశెనగ గుళ్లు ఏరుకుంటూ ఊ కొట్టేవాణ్ని. ఎవరు అందంగా ఉన్నారో నాకూ తెలిసేది. ఆ తర్వాత మాటలు ఎటు పోయేవో మీకు తెలుసుగా, అక్కడ నాకేమీ అనిపించేది కాదు. వీళ్లు ఊరికే గొప్పలు పోతున్నారనే చాలాకాలం అనుకున్నాను.

మరోపక్క క్లాసులో ఒకమ్మాయి అంటే నాకు ప్రాణం. ఆమె ఎక్కే బస్సు కోసం మద్దిలపాలెం స్టాప్‌లో నా బస్సు వదిలేసుకునేవాణ్ని. ఇంకెవరితోనైనా నవ్వుతూ మాట్లాడితే ఆ రోజు అన్నం సయించేది కాదు. కానీ ఆ ఇష్టం ముద్దు దాకా కూడా పోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఇదేం ప్రేమరా అని నాకు నేనే తికమకపడ్డాను.

తికమక ఎందుకంటే ఆకర్షణ అంతా ఒకే ముద్ద అనుకుంటాం. ఒకరి అందాన్ని చూస్తూ ఉండాలనిపించడం, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలనిపించడం, జీవితాంతం కలిసి ఉండాలనిపించడం, శారీరకంగా కలవాలనిపించడం, ఇవి వేర్వేరు. చాలామందికి అన్నీ కలిసే వస్తాయి కాబట్టి తేడా తెలియదు. నాకు చివరిది రాదు. నా స్నేహితుడొకడికి మనసు బాగా దగ్గరైనవాళ్ల మీదే, అదీ చాలాకాలానికి, కోరిక పుడుతుంది. అలాంటివాళ్లను డెమిసెక్సువల్ అంటారు. ప్రేమలో పడటమే తెలియనివాళ్లు అరొమాంటిక్. ఇంకొక చిక్కు ఉంది: శరీరంలో కోరిక ఉండి, అది ఏ మనిషి వైపూ మళ్లని అసెక్సువల్స్ కూడా ఉన్నారు. బ్రహ్మచర్యం దీనికి పూర్తిగా వేరు. అది కోరికను అదుపులో పెట్టుకోవడం. ఇక్కడ అదుపు చెయ్యడానికి ఏమీ లేదు.

ఇది నిన్న మొన్న ఇంటర్నెట్‌లో పుట్టిన ఫ్యాషన్ అని మా బావ వాదన. కానీ 1948లోనే అమెరికా పరిశోధకుడు కిన్సీ, లైంగిక జీవితం మీద చేసిన తన సర్వేలో, ఆడవాళ్ల వైపు గానీ మగవాళ్ల వైపు గానీ స్పందన లేనివాళ్లకు ఎక్స్ అని విడిగా ఒక గుర్తు పెట్టాడు. 2004లో కెనడా ప్రొఫెసర్ బోగర్ట్, 18 వేల మందికి పైగా బ్రిటిష్‌వాళ్ల సర్వేను తిరగేస్తే, నూటికి ఒకరు తమకు ఎవరి మీదా లైంగిక ఆకర్షణ కలగలేదని చెప్పినట్టు తేలింది. 2013లో అమెరికా సైకియాట్రీ సంఘం మానసిక జబ్బుల మీద తన కొత్త మాన్యువల్‌లో, తాను అసెక్సువల్ అని చెప్పుకునే మనిషికి 'కోరిక తక్కువ' అనే జబ్బు అంటగట్టకూడదని రాసింది.

ఎప్పుడూ పుట్టలేదన్నారు, అయినా మీకు నిజంగా మొదటినుంచీ ఇంతేనా, ఈమధ్యనే తగ్గిందా అన్నది ఒకసారి చూసుకోండి. ఈమధ్య తగ్గితే డాక్టర్‌కి చూపించండి. థైరాయిడ్, హార్మోన్లు, డిప్రెషన్, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. నేనూ పరీక్షలు చేయించుకున్నాను, అన్నీ నార్మల్. రిపోర్టులు చూసిన డాక్టర్ "పెళ్లి చేసుకో బాబూ, అదే వస్తుంది" అని చేతులు దులిపేసుకున్నాడు. గోడల మీద అంటించే 'మగతనం' ప్రకటనల జోలికి మాత్రం పోకండి. అవి చెప్పేది వేరే సమస్య గురించి, పైగా మోసం.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ దిష్టి అనుకుని సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. వెళ్లి తలనీలాలిచ్చి వచ్చాను. అమ్మ మనసు కుదుటపడింది, నాకూ దర్శనమైంది.

పెళ్లి చేసుకోకూడదని కాదు. అవతలి మనిషికి తెలిసి, ఒప్పుకుంటే హాయిగా చేసుకోండి, అలా ఉంటున్న జంటలున్నాయి. దాచి చేసుకుంటే ఆ అమ్మాయి తనలోనే ఏదో లోపముందని కుమిలిపోతుంది. చట్టం సంగతీ తెలుసుకోండి. సరైన కారణం లేకుండా చాలాకాలం శారీరక సంబంధం నిరాకరించడం మానసిక క్రూరత్వం కావచ్చని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే నిశ్చితార్థానికి ముందే, పెద్దవాళ్లు లేనిచోట, నేరుగా చెప్పండి.

నేను సిరిపురంలో ఒక కాఫీ షాపులో ఒకమ్మాయికి చెప్పాను. "నాకు మీ తోడు కావాలి, మాటలు కావాలి, శారీరక సంబంధం మీద ఆసక్తి లేదు, ఇకముందు వస్తుందని మాటివ్వలేను" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, తనకు పిల్లలు కావాలని, ఇలా కుదరదని, ముందే చెప్పినందుకు థ్యాంక్స్ అని లేచింది. ఇంటికెళ్లి అబ్బాయి నచ్చలేదని మాత్రమే చెప్పింది, మిగతాది ఎక్కడా పొక్కనివ్వలేదు. మా అమ్మ మాత్రం ఫొటో సరిగ్గా తియ్యలేదని స్టూడియోవాణ్ని ఇప్పటికీ తిడుతూనే ఉంది.