పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: బైకు మీద చిలికా చుట్టూ

ప్రశ్న: మేం నలుగురం బరంపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాం. రెండు బైకులున్నాయి, రెండూ 125 సీసీవే. డిసెంబరు ఆఖరి సెలవుల్లో ఐదు రోజులు తిరగాలని ఉంది. చిలికా, భితర్‌కనికా, సిమిలిపాల్ మూడూ చూసి వెనక్కి రావాలని లెక్క వేసుకున్నాం. ఏ దారిలో వెళ్తే కుదురుతుంది?
– ఒక విద్యార్థి, బరంపురం

జవాబు: ఏ దారిలో వెళ్లినా కుదరదు. భితర్‌కనికా బరంపురం నుంచి ఒకవైపే 300 కిలోమీటర్ల పైన. సిమిలిపాల్‌కు దారి బారిపదా మీదుగా, అది 400 దాటుతుంది. పైగా సిమిలిపాల్ పులుల అభయారణ్యంలోకి బైకుల్ని రానివ్వరు. అంత దూరం బండి తోలుకెళ్లి, గేటు దగ్గర దాన్ని వదిలేసి జీపు మాట్లాడుకోవాలి. ఐదు రోజుల్లో నాలుగు హైవే మీదే గడిచిపోతాయి. ఆ రెండింటినీ మరో సెలవులకు, రైలు ప్రయాణానికి అట్టిపెట్టుకోండి. (భితర్‌కనికా జాతీయ పార్కును ఉప్పునీటి మొసళ్లు గుడ్లు పెట్టే కాలంలో, మే 1 నుంచి జూలై 31 దాకా మూసేస్తారు. వేసవి సెలవులకు దాన్ని పెట్టుకోకండి.)

మీ ఇంటి పక్కనే ఉన్న చిలికా సరస్సును ఒక చుట్టు చుట్టి రండి. అంతా కలిపి 450 నుంచి 500 కిలోమీటర్లు, నాలుగు రోజులు. తేదీ కూడా మార్చుకోండి. డిసెంబరు ఆఖరి వారం నుంచి జనవరి 1 దాకా ఒడ్డు పొడుగునా పిక్నిక్ బస్సులు, పెద్ద పెద్ద సౌండు బాక్సులే. గదులు దొరకవు, దొరికినా రేట్లు రెట్టింపు, పిట్టలు మాత్రం ఒడ్డుకు దూరంగా జరిగిపోతాయి. జనవరి 5 దాటాక కాలేజీకి రెండు రోజులు సెలవు చీటీ పెట్టినా సరే, అదే మేలు.

మొదటి రోజు తెల్లవారాక బయల్దేరి ఆస్కా మీదుగా భేట్నోయి వెళ్లండి. సుమారు 50 కిలోమీటర్లు. ఇక్కడ కృష్ణజింకలు అడవిలో ఉండవు, ఊళ్లవాళ్ల పొలాల్లోనే మేస్తాయి. వీటిని కాపాడితే వానలు పడతాయని పెద్దల కాలం నుంచీ నమ్మకం. పంట తిన్నా ఎవరూ చేయి చేసుకోరు. వరి కోతలయ్యాక పెసర, మినుము చేలల్లో పొద్దున తొమ్మిది లోపు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత బయటికి వస్తాయి. ఎండ ఎక్కితే నీడ పట్టున పడుకుంటాయి, అప్పుడు వెళ్తే ఖాళీ చేలే కనబడతాయి. నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఉండేది మగది, గోధుమ రంగుది ఆడది. బైకు రోడ్డు మీదే ఆపి ఇంజను కట్టేయండి. గట్టు దిగి చేలోకి నడవొద్దు. ఫొటో కోసం తరిమితే మంద చెదురుతుంది, వెనకబడిన పిల్లను ఊరకుక్కలు పట్టుకుంటాయి. అక్కడి నుంచి బుగుడా, పొలసరా, ఖల్లికోట మీదుగా సుమారు 70 కిలోమీటర్లు తోలితే రంభ. రాత్రి మకాం అక్కడే.

రెండో రోజు పొద్దున ఏడింటికల్లా రంభ ఘాట్‌లో పడవ ఎక్కండి. ఎందుకంత పెందలాడే అంటే, చిలికా లోతు తక్కువ, చాలాచోట్ల మనిషి నిలువు కూడా ఉండదు. లోతులేని నీటి మీద గాలి లేస్తే పొట్టి అలలు దగ్గర దగ్గరగా పుట్టి పడవను అదేపనిగా కుదుపుతాయి. పొద్దెక్కిన కొద్దీ గాలి పెరుగుతుంది. పడవ అద్దె మనిషికి కాదు, పడవకు. ఘాట్‌లో రేట్ల బోర్డు ఉంటుంది, ఏయే దీవులు, ఎన్ని గంటలు అన్నది ఎక్కకముందే ఖాయం చేసుకోండి. లైఫ్ జాకెట్టు బకిల్ పెట్టుకుంటేనే పనికొచ్చేది. భుజాన తగిలించుకుంటే నీళ్లలో పడ్డప్పుడు అది పైకి తేలుతుంది, మీరు కిందికి జారిపోతారు. తర్వాత బర్కుల్, బలుగావ్ మీదుగా టాంగి. ఈ ముక్కలో రోడ్డూ రైలూ రెండూ నీటి అంచునే పోతాయి, దారి చూడ్డానికి బాగుంటుంది. తోలేవాడి కళ్లు మాత్రం లారీల మీదే ఉండాలి.

టాంగి దగ్గర హైవే దిగి లోపలికి వెళ్తే మంగళాజోడి. రాత్రి ఇక్కడే ఉండటం ముఖ్యం. మూడో రోజు పొద్దున ఆరింటికి పడవలో కూర్చుని ఉండాలి. ఈ పడవలకు ఇంజను ఉండదు, గెడకర్రతో తోస్తారు. అందుకే పిట్టలు పదిపదిహేను అడుగుల దాకా రానిస్తాయి. ఒకప్పుడు ఈ ఊరు పిట్టల వేటకు పేరుమోసింది. 2000 ప్రాంతంలో వేటగాళ్లే వేట మానేసి కాపలాకు దిగారు, ఇప్పుడు పడవ తోసేదీ పిట్ట పేరు చెప్పేదీ వాళ్లే. గాడ్విట్లు, సూదితోక బాతులు, బాపనబాతులు, నత్తగుల్ల కొంగలు చేతికందేంత దగ్గరగా కనబడతాయి. మూడు గంటలు చాలు. మొత్తం నాలుగు రోజుల్లో ఒక్క చోటే చూడగలిగితే ఇదే చూడమని మా మాట.

తొమ్మిదిన్నరకు ఒడ్డెక్కి, తిని, ఖుర్దా, జట్ని, పూరీ మీదుగా సాతపడాకు. 150 కిలోమీటర్లు, ఐదు గంటలు పడుతుంది. ఇదొక్కటే పొడుగు రోజు. నాలుగో రోజు పొద్దున డాల్ఫిన్లు చూసుకుని, సాతపడా రేవులో బైకుల్ని ఫెర్రీ ఎక్కించి జాన్హికుడాలో దిగండి. కృష్ణప్రసాద్, పాలూరు మీదుగా గంజాం చేరతారు. ఫెర్రీ రోజుకు కొన్ని ట్రిప్పులే. ముందురోజు సాయంత్రమే రేవుకు వెళ్లి టైము అడిగి రండి. ఆఖరి ఫెర్రీ తప్పితే పూరీ మీదుగా చుట్టి రావడమే, అంటే చీకట్లో 200 కిలోమీటర్ల పైన. ఫెర్రీ మీద బైకును ఫస్టు గేరులో ఉంచి సైడు స్టాండు వేయండి. ముందు బ్రేకు లివరును రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కు బిగించేస్తే కుదుపుకు ముందుకు జారదు. సెంటర్ స్టాండు మీద పెడితే పడవ ఒరిగినప్పుడు పక్కకు పడుతుంది.

పెట్రోలు: ఇద్దరూ సామానూ ఉంటే 125 సీసీ బండి లీటరుకు 45 వస్తుందనుకోండి. బండికి 11 లీటర్లు, ఊళ్లలో తిరుగుడుకు ఇంకొకటి. ఖల్లికోటలో ఒకసారి, పూరీలో ఒకసారి ట్యాంకు నింపుకోండి. జాన్హికుడా నుంచి పాలూరు దాకా బంకును నమ్ముకోవద్దు.

ప్రశ్న: మా బైకులకు ముందుగా ఏం చేయించాలి? ఒకదాని ఆర్‌సీ మామయ్య పేరు మీద ఉంది, ఫర్వాలేదా? మాలో ఒకడికి ఎల్ఎల్ఆర్ మాత్రమే ఉంది.
– అదే బృందం

జవాబు: మామయ్య బండి తోలడం తప్పు కాదు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు, మీ లైసెన్సు డిజిలాకర్‌లో ఉంటే చాలు. చిలికా ఒడ్డున అక్కడక్కడ సిగ్నల్ ఉండదు, ముందే డౌన్‌లోడు చేసి పెట్టుకోండి. ఎల్ఎల్ఆర్ ఉన్న అబ్బాయి వెనక సీటుకే పరిమితం. అతను తోలుతుండగా ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ ఎదుటివాడికి కట్టిన సొమ్మును బండి యజమాని దగ్గర వసూలు చేయొచ్చు, అంటే మీ మామయ్య దగ్గర. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరి.

మెకానిక్ దగ్గరికి బయల్దేరే ముందురోజు కాదు, వారం ముందు వెళ్లండి. కొత్తగా వేసిన బ్రేకు షూలు సర్దుకోవడానికీ, బిగించిన చైను మళ్లీ వదులైతే తెలియడానికీ ఆ వారం కావాలి. చైను మధ్యలో వేలితో ఎత్తితే రెండు నుంచి మూడు సెంటీమీటర్లు ఆడాలి. బిర్రుగా ఉంటే ఇద్దరు కూర్చున్నప్పుడు ఇంకా లాగి బేరింగులు పాడవుతాయి, వదులుగా ఉంటే గుంతలో స్ప్రాకెట్ మీంచి జారుతుంది. టైరు గాలి ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు. చైను కవరు దగ్గర అంటించిన స్టిక్కరు మీద రెండంకెలూ ఉంటాయి. ఒక్కరి గాలితో ఇద్దరు ఎక్కి 150 కిలోమీటర్లు పోతే వెనక టైరు పక్క గోడ వేడెక్కుతుంది.

ట్యూబ్‌లెస్ అయితే సూది, ఆకురాయి, ఐదు రబ్బరు వత్తులు, చిన్న పంపు పట్టుకోండి. ట్యూబు టైరైతే కొత్త ట్యూబు ఒకటి; పంక్చరు షాపువాడి దగ్గర మీ సైజు ఉంటుందని హామీ లేదు. క్లచ్ కేబులు ఒకటి, స్పార్క్ ప్లగ్ ఒకటి, వాటిని విప్పే స్పానర్లు.

సామాను మనిషికి 8 కిలోలు మించొద్దు. బరువైన సంచి వెనక క్యారియర్ మీద కట్టడం అందరూ చేసే తప్పు. బరువు వెనక ఇరుసు దాటిపోతే ముందు చక్రం తేలికవుతుంది, హైవే మీద లారీ దాటేటప్పుడు వచ్చే గాలికి హ్యాండిల్ ఊగుతుంది. సీటుకు రెండు పక్కలా వేలాడే సంచులే నయం. కుడివైపుది సైలెన్సర్‌కు తగలకుండా కనీసం నాలుగు వేళ్ల సందు చూసుకోండి, లేకపోతే పూరీ చేరేసరికి లోపలి బట్టలు మాడిన వాసన వేస్తాయి.

చలికాలంలో చిలికా పక్క హైవే మీద పొద్దున మంచు దట్టంగా కమ్ముతుంది. ముందున్న లారీ ఎర్ర లైటు కనబడకపోతే బండిని బంకులోనో ధాబాలోనో ఆపండి, రోడ్డు అంచున కాదు. మేం ‘తెల్లవారాక’ అన్నది ఇందుకే. మంగళాజోడిలో రాత్రి మకాం పెట్టమన్నదీ ఇందుకే. చీకట్లో తోలకుండా ఆరింటికి పడవ దగ్గర ఉండాలంటే ఇంకో దారి లేదు.

తిరిగొచ్చిన రోజే బండిని మంచినీళ్లతో కడిగించి చైనుకు ఆయిలు వేయండి. ఫెర్రీ మీద పడ్డ ఉప్పునీటి తుంపర రెండు రోజుల్లో చైను లింకులకు తుప్పు పట్టిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి స్నేహితులతో సాతపడా వెళ్తోంది. డాల్ఫిన్లు నిజంగా కనిపిస్తాయా, లేక పడవవాళ్ల మాటేనా? బైనాక్యులర్ కొనమంటోంది, ఏది కొనాలి?
– ఒక గృహిణి, ఛత్రపురం

జవాబు: కనిపిస్తాయి, కానీ టీవీలో చూసినట్టు ఎగరవు. చిలికాలో ఉన్నవి ఇరావడి రకం, మొత్తం దాదాపు 150. గుండ్రటి నుదురు, మూతి ముందుకు పొడుచుకుని ఉండదు. గాలి పీల్చడానికి వీపూ చిన్న రెక్కా ఒక్క క్షణం పైకి తేల్చి మునిగిపోతాయి. నీళ్లు కదలకుండా ఉన్న పొద్దుటి పూట ఆ కదలిక తెలుస్తుంది, మధ్యాహ్నం అలల్లో తెలియదు. కనబడగానే పడవవాడు ఇంజను పెంచి వెంటబడితే వద్దనమనండి. ప్రొపెల్లరు రెక్కలు తగిలి అవి గాయపడతాయి, తరిమితే మునిగి దూరంగా తేలతాయి. ఇంజను ఆపి పావుగంట కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. ‘ముత్యం’ దొరుకుతుందని గుల్ల పగలగొట్టి అమ్మే దీవి దగ్గర మాత్రం చేతులు జేబులో పెట్టుకోమనండి.

బైనాక్యులర్ 8×42 చాలు. 10 రెట్లది కొంటే పడవ కుదుపు కూడా ఇంకా పెద్దదై పిట్ట నిలవదు. చిలికాలోని నలబన దీవి చూడాలంటే మాత్రం బైనాక్యులర్ తప్పదు. ఆ 15 చదరపు కిలోమీటర్ల పక్షి అభయారణ్యం లోపలికి పడవల్ని పోనివ్వరు, అంచు నుంచే చూడాలి. రాజహంసలు గులాబీ గీతలా దూరంగా ఉంటాయి. వానాకాలంలో ఆ దీవి నీళ్లలో మునిగే ఉంటుంది.

ప్రశ్న: రుషికుల్య మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడాలి. జనవరిలో వస్తే కనబడతాయా? డ్రోన్ తెచ్చుకోవచ్చా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, ఇచ్ఛాపురం

జవాబు: జనవరిలో కనబడవు. ఆలివ్ రిడ్లీలు గుంపుగా ఒడ్డెక్కేది ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిల్లో, అదీ రాత్రుళ్లు. కొన్నేళ్లు అసలు రావు. తేదీ ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే పొడంపేట, పురుణబంధ వైపు తెలిసినవాళ్ల ఫోను నంబరొకటి సంపాదించండి. అక్కడి నొలియా జాలర్ల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, మీకు భాష ఇబ్బంది ఉండదు. గుడ్లు పెట్టే రోజుల్లో అటవీశాఖ కంచె వేసి కాపలా పెడుతుంది, వాళ్లు చెప్పిన చోటే నిలబడాలి. టార్చి, ఫోను ఫ్లాష్ రెండూ వద్దు. గుడ్లు పెట్టిన నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. అవి వెలుతురెక్కువగా ఉన్న వైపుకే పాకుతాయి. మామూలుగా అది సముద్రం మీది ఆకాశం, మీరు ఫోను వెలిగిస్తే మీ వైపు.

మీకు పరీక్షలు ఏప్రిల్లో లేకపోతే పిల్లలు బయటికొచ్చే రోజులే పెట్టుకోండి. తెల్లవారుజామున జరుగుతుంది, జనం తక్కువ. వచ్చేటప్పుడు ఛత్రపురం పక్కన తంపరా మంచినీటి చెరువు దగ్గర ఒక గంట ఆగండి, 2022లో ప్రకటించిన రామ్‌సర్ (అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న) చిత్తడి నేలల్లో అదీ ఒకటి.

డ్రోన్ ఇంట్లో పెట్టి రండి.