రెండు ముసలి గుర్రాలు పోయాక మా నాన్న తేరుకున్న తీరు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు పాతికేళ్లుగా సాకుతున్న రెండు గుర్రాలూ పది రోజుల తేడాలో పోయాయని, ఆయన సరిగ్గా అన్నం తినకుండా రాత్రిళ్లు లేచి ఖాళీ పాకలో కూర్చుంటున్నారని రాశారు. పాక ఎత్తేసి ఒక పిల్లగుర్రాన్ని కొనిపెడితే తేరుకుంటారా అని అడిగారు. మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది కాబట్టి చెబుతున్నాను. పిల్లగుర్రం మాట ఇప్పుడే ఎత్తకండి. పాకనైతే అసలు ముట్టుకోకండి.

మాది బందరు. నాన్న జట్కా తోలేవారు. కోనేరు సెంటర్ నుంచి చిలకలపూడి పాండురంగడి గుడికి, కార్తీక పౌర్ణమి వస్తే మంగినపూడి సముద్రస్నానాలకి జనాన్ని తీసుకెళ్లేవారు. ఆటోలు పెరిగి బేరాలు పడిపోయాక 2006లో బండి అమ్మేశారు, గుర్రాల్ని మాత్రం అమ్మలేదు. ముసలి గుర్రాన్ని కొనేవాడు దానికి విశ్రాంతి ఇవ్వడానికి కొనడని ఆయనకి తెలుసు. తెల్లది మల్లి, ఎర్రది బాద్షా. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఏ పనీ లేకుండా మా పెరట్లోనే బతికాయి.

అమ్మ రోజూ రాత్రి ఉలవలు నానబెట్టి, తెల్లారుజామున కట్టెల పొయ్యి మీద ఉడకేసేది. గుగ్గిళ్లు గుర్రాలకి, కట్టు మాకు. ఆ కట్టుతోనే ఉలవచారు. నా చిన్నతనమంతా ఆ ఒక్క కుండలోంచే మా ఆరుగురికీ జరిగింది. నలుగురం మేము, ఇద్దరు వాళ్లు.

2014 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మల్లి రెండు దోసిళ్లు గుగ్గిళ్లు తొట్టిలో వదిలేసింది. పళ్లు అరిగిపోయి అప్పటికే గడ్డి నమిలి ముద్దలుగా ఉమ్మేస్తోంది కాబట్టి, వయసు అనుకున్నాం. రాత్రి పదకొండింటికి ముందుకాలితో నేల గీకడం మొదలుపెట్టింది. తల తిప్పి తన డొక్క వంకే చూసుకునేది. పడుకునేది, లేచేది, మళ్లీ పడుకునేది. ఒళ్లంతా చెమట. నాన్న పగ్గం పట్టుకుని దాన్ని పెరడంతా నడిపిస్తూనే ఉన్నారు. డాక్టరుగారు వచ్చేసరికి మూడైంది. పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. గులాబీ రంగులో ఉండాల్సినవి ముదురు ఇటుక రంగుకి తిరిగాయి. గుండె నిమిషానికి తొంభై సార్లు కొట్టుకుంటోంది. ఊరికే నిలబడి ఉన్న గుర్రానికి ముప్ఫై, నలభై మధ్యలో ఉండాలి. చెవికి గొట్టం పెట్టుకుని పొట్ట రెండు వైపులా విన్నారు. పేగుల చప్పుడే లేదు. నొప్పి తగ్గడానికి సూది వేశారు. ఆరున్నరకి పోయింది.

నాన్న నెలల తరబడి ఒకటే మాట. 'ఆ రెండు దోసిళ్లు వదిలేసినప్పుడే నాకు తెలియాల్సింది.' మీ నాన్నగారూ ఇలాంటి మాటే అంటూ ఉండొచ్చు, అందుకని డాక్టరుగారు మాకు చెప్పింది మీకూ చెబుతాను. గుర్రానికి వాంతి రాదు. పొట్టలోకి పోయింది ముందుకే పోవాలి, వెనక్కి రాదు. వయసు మళ్లిన గుర్రాల కడుపులో కాడ ఉన్న కొవ్వుగడ్డలు పెరుగుతాయి. అవి ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టవు. ఒకరోజు ఆ కాడ తాడులాగా చిన్నపేగుకి చుట్టుకుంటుంది. అంతే, ఆ ముక్కకి రక్తం అందదు, గంటల్లో చచ్చుబడిపోతుంది. అప్పటిదాకా పైకి ఏ గుర్తూ కనపడదు. ఆపరేషన్ చేస్తే తప్ప దారి లేదు, మా ఊళ్లో అలాంటి వసతి ఎక్కడిది? పైగా గుర్రం వేటాడబడే జాతి, నొప్పిని వీలైనంతవరకు దాచుకుంటుంది. మల్లికి జరిగింది ఇదేనని ఆయన కచ్చితంగా చెప్పలేదు, కోసి చూడలేదు కదా. కానీ ముందురోజు చూసి ఉంటే ఆగేది కాదని మాత్రం గట్టిగా చెప్పారు. నాన్న ఆ మాట నాలుగైదుసార్లు మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. మీ డాక్టరుగారిని కూడా ఒకసారి ఇంటికి పిలిచి నాన్నగారి ఎదురుగా చెప్పించండి. కొడుకు చెబితే ఓదార్పు అనుకుంటారు, డాక్టరు చెబితే నమ్ముతారు.

బాద్షా మల్లిని చూసింది. పూడ్చడానికి తీసుకెళ్లే ముందు నాన్న దాన్ని విప్పి దగ్గరికి తెచ్చారు. మెడ దగ్గర వాసన చూసింది, చెవి మీద మూతి పెట్టి చాలాసేపు నిలబడింది. ఆ తర్వాత మూడు రోజులు గేటు వైపు తిరిగి సకిలిస్తూనే ఉంది. తర్వాత మానేసింది. మేత తింటోంది కదా అని ఊపిరి పీల్చుకున్నాం. పంతొమ్మిదో రోజు తెల్లారి అమ్మ గుగ్గిళ్ల గంప తీసుకుని వెళ్తే పక్కకి ఒరిగి ఉంది. పెనుగులాడిన జాడ లేదు. బెంగతో పోయిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను కాదనను.

ఇక నేను చేసిన తప్పు. నాన్న చూసి బాధపడుతున్నారు కదా అని, ఆయన గుడికి వెళ్లిన పూట పాక శుభ్రం చేయించాను. కళ్లేలు, జీను, పాత లాడాలు, నీళ్ల తొట్టి, అన్నీ పాత ఇనుము కొనేవాడికి వేశాను. ఆయన వచ్చి చూశారు. అరవలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పాకలో గుంజ దగ్గర నిలబడి ఉంటే వెళ్లాను. ఆ గుంజకి మల్లి మెడ రుద్దుకునేది. నడుమెత్తున కర్ర నున్నగా అద్దంలా మెరుస్తోంది, చీలికలో నాలుగు తెల్ల వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. నాన్న వాటిని తీయలేదు, వేలితో ఊరికే నిమురుతున్నారు. 'ఇది కూడా అమ్మేస్తావేమోనని భయమేసిందిరా' అన్నారు. ఆ లాడాలు వెతుక్కుంటూ ఇనుప కొట్టు చుట్టూ తిరిగాను. ఒక్కటే దొరికింది. అది ఇప్పుడు మా గుమ్మం మీద ఉంది.

ఆయన పాకలో కూర్చుంటే లేవమనకండి. మీరూ వెళ్లి పక్కన కూర్చోండి. నాన్నకి అసలు కష్టం గుర్రాలు గుర్తొచ్చినప్పుడు కాదు. నాలుగున్నరకి మెలకువ వచ్చి, చేతులకి పని లేక గిజగిజలాడినప్పుడు. ముప్ఫై ఏళ్లుగా ఆ వేళకి గడ్డి దులిపి, నీళ్లు పెట్టి, ఇనుప దువ్వెనతో ఒళ్లు గీరిన చేతులు అవి. మా బాబాయి గేదెలకి ఆ వేళ మేత వేయమని ఒప్పించాను. 'సాయం కావాలి' అని బాబాయి చేత అడిగించాను, ఆయన కోసమని చెప్పనివ్వలేదు. పది రోజులకి నడక మారింది. మీ ఊళ్లో పశువులున్న ఇల్లు ఏదో ఒకటి ఉంటుంది, అడిగి చూడండి.

చుట్టాలు 'మనుషులు పోతేనే మర్చిపోతున్నారు, గుర్రం కోసం ఇంత ఏడుపా' అంటారు. మాకూ అన్నారు. ఆ గుర్రాల కష్టంతోనే నేను డిగ్రీ చదివాను, అక్క పెళ్లి అయింది. వాటికి ఏడవకపోతే ఎవరికి ఏడుస్తాం? అలాంటివాళ్లని కొన్నాళ్లు నాన్నగారి దగ్గర కూర్చోనివ్వకండి.

అయితే వారాలు గడిచినా నిద్ర, తిండి కుదరకపోతే, 'నేనూ పోతే బాగుండు' లాంటి మాట వస్తే, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో వేరే పశువులుంటే 1962 నంబరు కూడా ఆయన ఫోన్‌లో పెట్టండి. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పశువైద్య అంబులెన్స్ వస్తుంది. మాకు అప్పట్లో అది లేదు.

పిల్లగుర్రం విషయం ఆయనే అడిగేదాకా ఆగండి. మా నాన్న అడగలేదు.

బాద్షా పోయాక కూడా అమ్మ చాలా రాత్రులు ఉలవలు నానబెట్టింది, చెయ్యి దానంతటదే డబ్బా మీదికి పోయేది. తెల్లారి అవి బాబాయి గేదెలకి పంపేది. కట్టు పారబోసేది. ఇంట్లో ఉలవచారు మానేశాం, ఎవరమూ అడగలేదు. మరుసటి సంక్రాంతికి ముందు నాన్నే బజారుకి వెళ్లి కిలో ఉలవలు తెచ్చి అమ్మ ముందు పెట్టారు. 'గుగ్గిళ్లు మీ అన్నయ్య గేదెలకి, చారు మనకి' అంది అమ్మ పొరపాటున. 'తమ్ముడివి' అని నాన్న సరిదిద్దారు. ఇద్దరూ నవ్వారు. ఆ పూట నాన్న రెండోసారి అన్నం వడ్డించుకున్నారు.