కోఠి నుంచి నయాపూల్ దాకా నడువు, చాలు

బుజ్జీ,

హైదరాబాద్‌లో చూడాలని నువ్వు పంపిన లిస్టు చూశాను. గోల్కొండ, ఫలక్‌నుమా, చౌమహల్లా అన్నీ ఒక్క రోజులోనా? కొట్టెయ్. నడిచి చూడాలంటే కోఠి నుంచి మూసీ మీది నయాపూల్ వంతెన దాకా, మహా అయితే మూడు కిలోమీటర్లు. పొద్దున ఏడింటికే మొదలుపెట్టు, తొమ్మిది దాటాక అఫ్జల్‌గంజ్‌లో గుమ్మటాలు చూడవు, బస్సులను తప్పించుకోవడమే సరిపోతుంది.

ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగు. దగ్గర్లోనే పాత ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు యూనివర్సిటీ అయింది, అందులోనే నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం, మరమ్మతులయ్యాక 2023లో మళ్లీ తెరిచారు. లోపలికి ఎప్పుడు పంపిస్తారో ముందే కనుక్కో. నేను కనుక్కోకుండా చుట్టాలను తీసుకెళ్లి గేటు బయట నిలబెట్టాను, మీ అత్త ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. మెట్ల పక్కన సింహాలతో సెల్ఫీ తర్వాత, ముందు గోడ చూడు. పాతవాళ్లు వాడింది డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం, అది తడి పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది, దాని మీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుని పెచ్చులూడిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు మరమ్మతు చేస్తే ముందు ఆ సిమెంటు గీకేస్తారు. ఇది గుర్తుపెట్టుకుంటే దారిలో ఏ పాత గోడకు వైద్యం జరిగిందో, దేనికి ఉత్త పైపూతో నువ్వే చెప్పేస్తావు.

అక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, 2020లో బాగుచేశారు. లోపల ఐస్‌క్రీమ్ దొరుకుతుంది కానీ అంత పొద్దున్నే ఆశపడకు.

అసలు సంగతి ఉస్మానియా ఆసుపత్రి దగ్గర. 1908లో మూసీ పొంగినప్పుడు ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే ఇటు ఆసుపత్రి, అటు ఒడ్డున హైకోర్టు లేచాయి, రెండింటికీ ఆర్కిటెక్టుగా చెప్పేది విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆయన పేరే. ఆసుపత్రి పాత బ్లాకులో 2020 నుంచి పేషెంట్లు లేరు, చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆవరణలో కనిపించే రోగుల ఫొటోలు మాత్రం తియ్యకు.

నయాపూల్ మీద ఆగి రెండు ఒడ్లూ ఒకసారి చూడు, ముక్కు మూసుకోవాల్సి వస్తుందనుకో, మూసీ కదా. తర్వాత మదీనా సెంటర్ దగ్గర టీ తాగి ఫోన్ చెయ్. ఓపికుంటే చార్మినార్ దాకా పో, లేదంటే ఇంటికొచ్చెయ్, అత్త పెసరట్లు వేస్తానంది.

మామయ్య